ఉస్తాద్ చేపిచ్చిన నాలుగు స్టాండ్లు

ఆ కట్టెను జెర లోపలికి నూకు బిడ్డా. పొగ నీ కండ్లల్లకే కొడుతున్నది, ఇటు జరిగి కూసో. అవ్వకు శాలువ కప్పు. ఇగ చెప్త విను.

పొద్దుగాల నేను గట్టిగ అరిసిన, నువ్వు చిన్నబుచ్చుకున్నవ్. "తాతా, ఇంత మచ్చకు అంత కోపమా" అని మీ అమ్మతోటి అన్నవట. నిజమే, చాప మీద పడ్డది రూపాయి బిళ్లంత మచ్చ. నువ్వు ఆ కొత్త సోల్డరింగ్ ఐరన్‌ను పళ్లెం అంచు మీద ఆనిచ్చి మంచినీళ్ల కోసం కిందికి పోయినవ్. అది దొర్లి చాప మీద పడ్డది. నేను అటు రాకపోతే చాప కాలి, దాని కింది పరుపు అంటుకునేది. నాకు వచ్చింది కోపం కాదు రా, బుగులు. అసొంటి మచ్చ ఒకటి నా చేతుల మీదుగ సుత అయింది. అది రూపాయి బిళ్లంత కాదు.

1968ల నాకు పదహారేండ్లు. మెట్రిక్ తప్పిన. మా బాపు నన్ను తీస్కపోయి వరంగల్ స్టేషన్ రోడ్డుల ఒక రేడియో మెకానిక్ దగ్గర పనికి పెట్టిండు. ఆయనను అందరు ఉస్తాద్ అనేటోళ్లు. పేరు పెట్టి పిలిసినోళ్లను నేను చూడలే. మొదటి ఏడు జీతం లేదు. పొద్దున చాయ్, మధ్యాహ్నం ఆయన ఇంటి నుంచి వచ్చే రొట్టెల్ల నా వంతు, పండుగకు బట్టలు.

అప్పటి రేడియో ఇప్పటి లెక్క జేబుల పట్టేది కాదు. మర్ఫీ, బుష్, ఫిలిప్స్. చెక్క పెట్టె, ముందట బట్ట, లోపల గాజు వాల్వులు. బటన్ తిప్పినంక ఆ వాల్వులు ఎర్రగ కాగేదాంక ఆగాలె, అటెన్క మాట వినపడేది. ఇంట్ల రేడియో ఉన్నోళ్లు ఏడాదికోసారి పోస్టాఫీసుల లైసెన్స్ పైసలు కట్టాలె. ఆ లైసెన్స్ 1980ల నడిమిట్ల గాని పోలే. కరెంటు లేని ఊర్లల్ల పెద్ద బ్యాటరీల మీద నడిచే రేడియోలు ఉండె. పంచాయతీ ఆఫీసుల రేడియో పెట్టి, బయటికి మైకు కట్టి ఊరందరికి వినిపిచ్చేటోళ్లు. అది చెడిపోతే బొంతల చుట్టి ఎడ్లబండ్ల ఏసుకొని వచ్చేటోళ్లు, జరం వచ్చిన పసిపోరన్ని దవాఖానకు తెచ్చినట్టు. ఉస్తాద్ మూత ఇప్పి లోపల చూస్తుంటే వాళ్లు ఆయన ముఖమే చూసేటోళ్లు.

దుకాణంల నాలుగు బల్లలు, నాలుగు ఐరన్లు. నాకు మొదటి ఆర్నెల్లు ఏ ఐరన్ ముట్టనియ్యలే. దుమ్ము కొట్టుడు, పాత సెట్లల్ల తీగలు ఇప్పుడు, నట్లు బోల్టులు ఏర్పెట్టుడు, గిదే పని. ఒకనాడు అడిగిన, "సాబ్, నాకు టాకా ఎప్పుడు నేర్పుతరు?" అని. టాకా అంటే సీసంతోటి అతుకు పెట్టుడు. ఆయన జవాబు చెప్పలే. చెయ్యి పట్టుకొని బయటికి తీస్కపోయిండు.

రోడ్డు అవతల వేపచెట్టు కింద మాట్లేసేటాయన కూసునేటోడు. గుర్తున్నదా, మీ అవ్వ చెప్తది, "బిందెలకు మాట్లేస్తం, బొక్కెనలకు మాట్లేస్తం" అని గల్లీ గల్లీ తిరిగేటోళ్లు అని. ఆయన ముందట బొగ్గుల కుంపటి, పక్కన చిన్న తిత్తి. కుంపట్ల ఒక ఇనుప కడ్డీ, దాని కొసకు రాగి దిమ్మ, ఇటు చెక్క పిడి. రాగి కాగినంక తీసి, నవసారం ముక్కకు రాసేటోడు. తెల్లగ పొగ లేసేది. ఆ రాపిడికి రాగి మీది నలుపు పోయి మెరిసేది. అప్పుడు సీసం ముట్టిచ్చి బిందె బొక్క మీద పెడితే చారెడు నీళ్లు పోసినట్టు పారేది. పని కాంగనే కడ్డీ మళ్ల కుంపట్లకే.

ఉస్తాద్ అన్నడు, "చూసినవా బేటా, దాన్ని కింద పెట్టుడు అనే ముచ్చటనే లేదు. నిప్పుల్లకెల్లి తీసుడు, నిప్పుల్ల పెట్టుడు. దాని జాగ అదే. మన ఐరన్ నిప్పును తన కడుపుల పెట్టుకొని తిరుగుతది. దానికి ఏ జాగ లేదు. ఆ జాగ మనం చెయ్యాలె."

నాకు అప్పుడు సగమే సమజైంది.

ఐరన్ కడుపుల ఏముంటదో కూడ ఆయనే ఇప్పి చూపెట్టిండు. సన్న నికెల్-క్రోమియం తీగ, అభ్రకం రేకు మీద చుట్టి ఉంటది. అభ్రకం కరెంటును ఆపుతది గాని వేడికి కాలది. గూడూరు దిక్కు అభ్రకం గనులకు పెట్టింది పేరు. తీగ ఎర్రగైతే రాగి ముక్కు కాగుతది. మేము వాడే సీసం తీగ అరవై పాళ్లు తగరం, నలభై పాళ్లు సీసం. అది 183 డిగ్రీల కాడ మెత్తబడి, 190 వరకు నీళ్లయితది. మీ అమ్మ గారెలు కాల్చే నూనె వేడి ఇంచుమించు అంతే. ముక్కు మాత్రం మూడు వందల డిగ్రీలకు పైననే ఉంటది. అంత వేడి వస్తువును బల్ల మీద పెడితే చెక్క నల్లబడుతది, బట్ట మీద పెడితే బొక్క పడుతది, కరెంటు వైరు మీద పెడితే దాని ప్లాస్టిక్ తొడుగు మైనం లెక్క కరుగుతది. ఈ ఆఖరుది అన్నిటికన్న చెడ్డది. తొడుగు కరిగి లోపలి తీగ ముక్కుకు తగిలితే చేతుల ఉన్నది పనిముట్టు కాదు, కరెంటు. అందుకే మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తు ఉండాలె.

ఇగ ఆ రాత్రి ముచ్చట.

1969, తెలంగాణ ఉద్యమం నడిచిన ఏడు. బడులు బందు, దుకాణాలు ఒకనాడు తెరిస్తే రెండు రోజులు మూత. తెరిసిన నాడు పని కుప్పలు పడేది. అప్పటికి ఉస్తాద్ నా చేతికి ఐరన్ ఇచ్చి రెండు నెలలు. ఆ రోజు ఉస్తాద్ పెందలాడే ఇంటికి పోయిండు, తాళం నాకిచ్చిండు. నేను ఒక బుష్ సెట్టు మీద కూసున్న. ముక్కు కాగింది, తీగ అంటుతున్నది, అంతట్ల కరెంటు పోయింది. చీకటి. అర్ధగంట చూసిన, రాలే. ఐరన్ చేతికి దొరికిన జాగల పెట్టి, తాళమేసి ఇంటికి పోయిన. ప్లగ్గు గుంజలే. కరెంటే లేదు కదా, గుంజేదేముందని నాకు తోచనే లేదు.

కరెంటు రాత్రి ఎప్పుడో వచ్చింది.

పొద్దున షట్టర్ లేపంగనే కాలిన చెక్క వాసన గుప్పున కొట్టింది. దుకాణం నిండ పొగ. బల్ల అంచు దగ్గర జానెడు మేర బొగ్గయి ఉన్నది. ఐరన్ ఆ కాలిన అంచు మీదికెల్లి జారి, తన వైరుకే వేలాడుతున్నది, కింద షాబాద్ బండల మీదికి ముక్కు పెట్టి. జారకపోతే బల్ల, బల్ల మీది బుష్ సెట్టు, పక్క గోడకు ఉన్న అట్టపెట్టెలు, పైన ఒక కుటుంబం నిద్రపోతుండె, వాళ్లు. నేను గడప కాడనే కూలబడ్డ.

ఉస్తాద్ వచ్చి చూసిండు. ఐరన్ ప్లగ్గు గుంజిండు. కిటికీ తెరిసిండు. బుష్ సెట్టు మూత ఇప్పి లోపల వాసన చూసి, "దీనికి ఏం కాలే" అన్నడు. నన్ను తిట్టలే, కొట్టలే. ఆ తిట్టకపోవుడే నాకు ఇప్పటికి యాదికున్నది. మధ్యాహ్నం రొట్టె సగం తుంచి నాకిచ్చి అన్నడు, "నాలుగు బల్లలకు నాలుగు స్టాండ్లు చెయ్యి. అవి అయ్యేదాంక నీకు ఐరన్ లేదు."

అంతకు ముందు స్టాండ్లు లేవని కాదు. ఒక బల్ల మీద ఇటుక పెళ్ల, ఇంకొక దాని మీద పాత వాల్వ్ సెట్టు చాసిస్ రేకు వంచి పెట్టింది. ఇటుక పొడి రాలి సెట్లల్ల పడేది. రేకు తేలిక, వైరు జెర గుంజితే ఐరన్‌తోటి సహా బల్ల కింద పడేది. అందుకే ఉస్తాద్ మొదట చెప్పిన మాట బరువు గురించి. "వైరు గుంజినా కదలద్దు."

బరువుకు బండ పెట్టుకున్న. పక్కన ఇల్లు కడుతున్న కాడ తాండూరు బండ ముక్కలు పడి ఉండె. జానెడు పొడుగు, నాలుగు వేళ్ల వెడల్పువి ఏరుకొచ్చిన. బండ కాలది, కరగది, దాని మీద సీసం చుక్క పడ్డా గోరుతోటి గీకితే ఊడొస్తది. మొదటి ముక్కకు మొలతోటి సుత్తెతోటి బొక్క పెడ్తనని పోయిన. పగిలింది. రెండోది పగిలింది. మూడోదానికి ఉస్తాద్ సుత్తె గుంజుకొని, "రాయి పొరలు పొరలుగ ఉంటది, దెబ్బ కొడితే విచ్చుతది. బొక్క ఎందుకు? తీగనే దాని నడుముకు కట్టు" అన్నడు.

తీగంటే లావు జీఐ తీగ, మూడు మిల్లీమీటర్లది. దాన్ని అర అంగుళం నీళ్ల పైపు మీద చుట్టిన. ఆ పైపు పేరుకు అర అంగుళం గాని, బయటి కొలత ఇరవై ఒక్క మిల్లీమీటర్లు ఉంటది. చుట్టినంక తీగ కొంచెం వెనకకు తెరుచుకుంటది, ఇంకింత వెడల్పైతది. ఐరన్ గొట్టం అందుల ఒత్తుకోకుంట పోవాలె, ఊగులాడద్దు. చుట్టుకు చుట్టుకు నడుమ వేలు సందు ఉంచమన్నడు. నేను ముద్దుగ కనపడాలని దగ్గర దగ్గర చుట్టిన. ఆయన అందుల ఐరన్ పెట్టి పావుగంట ఆగి, "పిడి పట్టుకో" అన్నడు. పట్టుకుంటే చురుక్కుమన్నది. గాలి ఆడక వేడంత పిడి దిక్కు ఎక్కింది. అదే ఐరన్ ముక్కు సీసానికి పెడితే సరిగ్గ కరగలే. ఇనుము ఎంత ఎక్కువ జాగల ముట్టుకుంటే వేడిని అంత గుంజుకుంటదట. "స్టాండు ఐరన్‌ను మొయ్యాలె గాని కౌగిలించుకోవద్దు" అన్నడు. మళ్ల ఇప్పి సందులిచ్చి చుట్టిన. ముట్టుకునేది రెండు మూడు తావుల్లనే, అదీ గొట్టం మొదలు దిక్కు. ముక్కు కొస దేనికీ ఆనద్దు.

చుట్టు ఒక కొస బండ మీద నిలబడాలె, ఇంకో కొస పైకి లేవాలె. దించిన ఎడ్లబండి నొగల లెక్క ఏటవాలు. పిడి పైకి, ముక్కు కిందికి, చేతికి ఎదురుగ. చూడకుంట చెయ్యి చాపినా పిడే దొరకాలె, వేడి దొరకద్దు. దీనికే నాకు నాలుగు రోజులు పట్టింది. ఒకటి బాగ నిలువుగైతే ఐరన్ పెట్టినప్పుడల్లా ఊగేది. ఒకటి బాగ పండుకుంటే దొర్లేది. చివరకు ఉస్తాద్ పక్కన కూసోని, నా చెయ్యి పని చేసే తీరు చూసి, ముంజేతికి సమంగ వంచమన్నడు. మనిషికి మనిషికి ఆ వాలు వేరే. ఎడమ చేతి వాటం మెకానిక్ ఒకాయన మా దగ్గరనే ఉండె, ఆయన స్టాండు తిరగేసి చేసిన. అంతవరకు ఆయన ప్రతిసారి ఒళ్లు తిప్పి కుడిదిక్కు ఐరన్ పెట్టేటోడట. ఎవ్వరికి చెప్పలే.

బండ మీద ఇంకో మూలకు బూటు పాలిష్ డబ్బా మూతలు రెండు. ఒకదాంట్ల తడి నూలు గుడ్డ, ముక్కు తుడిసేటందుకు. గుడ్డ పిండితే నీళ్లు కారద్దు, చేతికి సల్లగ తగలాలె, అంతే. నీళ్లు ఎక్కువైతే ముక్కు సల్లారిపోతది. రెండోదాంట్ల రోజన్, పైన్ చెట్ల బంకతోటి అయ్యేది. మాట్లేసేటాయన నవసారం గాని, రేకు పనోళ్లు జింక్ ముక్కలేసి చంపిన ఆసిడ్ గాని రేడియో కాడికి రానియ్యద్దని ఉస్తాద్ ఒట్టు పెట్టుకున్నంత పనిచేసేటోడు. టాకా అయితే పడుతది గాని, ఆ తడి అక్కడనే ఉండి ఏడాది తిరిగేసరికి సన్న తీగలను తినేస్తది. బిందె వేరు, రేడియో వేరు.

నాలుగు స్టాండ్లకు ఇరవై రెండు రోజులు పట్టింది. ఆ ఇరవై రెండు రోజులల్ల నేను ఐరన్ ముట్టలేదు గాని, ఐరన్ గురించి తెలుసుకున్నంత మళ్ల ఎన్నడు తెలుసుకోలే. ఆఖరి స్టాండు పెట్టిన నాడు ఉస్తాద్ తలుపు చౌకటుకు, తాళం కప్ప పైన, ఒక మొల కొట్టిండు. "నాలుగు ప్లగ్గులు ఈ మొల మీదికి వస్తేనే షట్టర్ దిగుతది" అన్నడు. బటన్ బందు చేసుడు కాదు. ప్లగ్గు గుంజి తెచ్చి మొలకు తగిలేసుడు. కరెంటు ఉన్నా, పోయినా. ఆయన పోయిన దినం దాంక ఆ మొల మీద ప్లగ్గులు లేకుంట ఆ దుకాణం మూయలే.

నేను నా సొంత దుకాణం పెట్టేసరికి వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చినయి. 1982ల ఢిల్లీల ఆసియా ఆటలు, రంగుల టీవీ. అటెన్క టీవీలే టీవీలు. ఐరన్ పొద్దంత కాగుతనే ఉండేది. అప్పటి ముక్కులు ఉత్త రాగి. తగరం రాగిని కొంచెం కొంచెం కరిగిచ్చుకుంటది, ముక్కుకు గుంట పడుతది, ఆకురాయితోటి రాకాలె. పని లేకుంట పూర వేడిల ఊకనే కూసుంటే నల్లబడి సీసం పట్టదు. దీనికి నేనొకటి చేసిన. కోఠి గుజరాతీ గల్లీల తెచ్చిన ఒక చిన్న స్విచ్చి స్టాండు కింద పెట్టి, దాని మీద ఇత్తడి పట్టీ ఒకటి వంచిన. ఐరన్ పెడితే దాని బరువుకు పట్టీ ఒంగి స్విచ్చి పడుతది. అప్పుడు కరెంటు ఒక డయోడ్ దాటి రావాలె. మన ఇంటి కరెంటు అటు ఇటు ఊగుతది కదా, డయోడ్ ఒక దిక్కే పోనిస్తది. అంటే ఇరవై ఐదు వాట్ల ఐరన్‌కు సగమే అందుతది. వెచ్చగ ఉంటది, మాడది. చేతికి తీసుకోంగనే పట్టీ లేసి మళ్ల పూర కరెంటు. నెలకోసారి రాకే ముక్కును మూడు నెలలకోసారి రాకిన. నా దుకాణానికి వచ్చిన పిల్లలందరితోటి ఇది చేపిచ్చిన, ఉస్తాద్ నాతోటి చేపిచ్చినట్టు. దీంట్ల కరెంటు పని ఉన్నది గనుక నువ్వు నేను లేకుంట చెయ్యద్దు.

ఇంకో రెండు చెప్పాలె. ఇవి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ఆ రోజులల్ల ముక్కు కింద వేడి తగలకుంట ఆస్‌బెస్టాస్ రేకు ముక్క పెట్టేటోళ్లం. సిమెంటు రేకు, ఇండ్ల కప్పులకు వేసేది. హ్యాక్‌సా బ్లేడుతోటి కోస్తే తెల్లటి పొడి లేసేది, నోటితోటి ఊదేటోళ్లం. ఆ పొడి ఊపిరితిత్తులల్ల చేరి ఏండ్లకు జబ్బు చేస్తదని మాకు ఎవ్వరు చెప్పలే. పాత దుకాణాలల్ల, పాత స్టాండ్ల కింద అది ఇంక ఉన్నది. కనపడితే కొయ్యద్దు, ఇరగ్గొట్టద్దు, గీకద్దు. తడి చేసి, సంచిల చుట్టి మూతి కట్టి, తెలిసినోళ్లకు అప్పజెప్పాలె.

రెండోది సీసం. రెండు చేతులకు పని ఉన్నదని సీసం తీగను పండ్ల నడుమ పట్టుకునేటోళ్లం. నేను పట్టుకున్న, మా దుకాణంల అందరు పట్టుకున్నరు. అట్ల ఎన్నడు చెయ్యకు. పని అయినంక సబ్బుతోటి చేతులు కడిగే ఏదన్న తినాలె. పొగకు మూతి అడ్డం పెట్టకు, కిటికీ తెరువు. ఇప్పుడు సీసం లేని తీగ దొరుకుతుంది, అది కరగనీకి ఇంకో ముప్పై నలభై డిగ్రీలు ఎక్కువ కావాలె, అంతే తేడా.

ఆ నాలుగింట్ల ఒక స్టాండు నా దగ్గరనే ఉన్నది. అటక మీద, గోనెసంచిల. బండ అంచు కొంచెం పెచ్చు లేసింది, తీగ తుప్పు పట్టింది గాని వాలు మాత్రం మారలే. అది నా చేతికి వంచింది, నీకు సరిపోదు. మొన్న స్నానాలరూము కట్టినప్పుడు మిగిలిన తాండూరు బండ ముక్కలు బావి వెనక ఉన్నయి. పొద్దుగాల ఒకటి ఏరుకో, అంచులు రాయి మీద అరగదీయి. తీగ నేను తెస్త. నీ ముంజేతికి సమంగ వాలు ఎంతనో చూసుకొని వంచుదాం.

ఇప్పుడు మంట సల్లారింది, పోయి పండుకో. కాదు, ఆగు. మీదికి పోయి ఆ ఐరన్ ప్లగ్గు గుంజి తీస్కరా. తలుపు చౌకటుకు మొల నేను పొద్దుగాలనే కొట్టిన, దానికి తగిలెయ్యి. తగిలేసినంక నాకు చెప్పు, అప్పుడు తలుపు ఏస్త.